మ్యాచింగ్ నంబర్లున్న ఇషాపూర్ త్రీ నాట్ త్రీ: ముద్రలు అసలువా, తర్వాత కొట్టినవా?

ప్రశ్న టూకీగా ఇదీ. హ్యూస్టన్‌లో ఉంటున్న ఒక తెలుగాయన ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి సామానంతా అమ్మేసేచోట, 1943 నాటి ఇషాపూర్ త్రీ నాట్ త్రీ రైఫిల్ కొన్నారు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన .303 లీ ఎన్‌ఫీల్డ్ అన్నమాట. బాడీ (బోల్ట్ కూర్చునే ఇనుప భాగం), బ్యారెల్, బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే గడియ), నోజ్ క్యాప్ (మూతి దగ్గరి తొడుగు) నాలుగింటి మీదా ఒకే నంబరు ఉంది. బట్‌కు, అంటే భుజానికి ఆనించే చెక్కకు, 1915 తేదీ ఉన్న ఇత్తడి బిళ్ళ, దాని మీద ఒక బ్రిటిష్ పటాలం పొడి అక్షరాలు ఉన్నాయి. 'అన్నీ ఒరిజినల్, రెండు యుద్ధాలూ చూసిన రైఫిల్' అని చెప్పి దాదాపు రెట్టింపు ధర తీసుకున్నారట. బోల్ట్ మీద అంకెలు మాత్రం కాస్త తేడాగా కనిపిస్తున్నాయి. వాటిని నమ్మొచ్చా, ఎలా తేల్చుకోవాలి అని అడిగారు. ఎనిమిది ఫొటోలు పెట్టారు.

బాబూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. బాడీ, బ్యారెల్ మీది ముద్రలు అసలువే. బోల్ట్ మీద నంబరు తర్వాత కొట్టింది. ఇత్తడి బిళ్ళ మీద తేదీ కొట్టింది కూడా బోల్ట్ నంబరు కొట్టిన పంచులతోనే. పంచ్ అంటే కొసన అంకె ఉన్న ఉక్కు ముక్క, సుత్తితో కొడితే ముద్ర పడుతుంది. నోజ్ క్యాప్ ఫొటో మసగ్గా వచ్చింది, ఇంకోటి కావాలి. రైఫిల్ నకిలీ కాదు. దానికి అల్లిన కథ నకిలీ. హెడ్‌స్పేస్ గేజ్ పెట్టి చూసేదాకా దయచేసి దాన్ని పేల్చకండి. ఎందుకో కింద చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ట్రేడ్ ట్రైనింగ్ అయి, ఈఎంఈలో (సైన్యంలో ఆయుధాలు, బళ్ళు బాగుచేసే విభాగం) ఆర్మరర్‌గా, అంటే తుపాకులు సరిచేసేవాడిగా, ఇరవై నాలుగేళ్ళు చేశాను. నేను చేరేనాటికే పటాలాల్లో తనంతట తాను లోడయ్యే ఎస్ఎల్ఆర్ రైఫిల్ వచ్చేసింది. త్రీ నాట్ త్రీలు మాత్రం ఎన్‌సీసీ వాళ్ళవీ, ట్రైనింగ్ సెంటర్లవీ మా వర్క్‌షాప్‌కు బళ్ళకొద్దీ వచ్చేవి. ఇప్పుడు ఏడాదిలో ఆరు నెలలు డల్లాస్‌లో అమ్మాయి దగ్గర ఉంటాను. అల్లుడి స్నేహితులు గన్ షోలకు తీసుకెళ్ళి 'అంకుల్, ఇది చూడండి' అంటారు. చూడటమే, నేను కొనను.

అసలు బోల్ట్ మీద నంబరు ఎందుకు కొడతారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అది అలంకారం కాదు. లీ ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్ లగ్గులు (పేలేటప్పుడు బోల్ట్‌ను పట్టి ఉంచే పళ్ళు) ఆ బాడీలో సమంగా ఆనేలా దేనికది చేత్తో సరిచూసి అమర్చేవాళ్ళు. కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, వంద రైఫిళ్ళు వరసగా ఉంటాయి. సాయంత్రం క్లీనింగ్‌కు బోల్టులన్నీ తీసి ఒక గోనెపట్టా మీద పరుస్తారు. తిరిగి పెట్టేటప్పుడు ఒకదానిది ఇంకోదానికి పోకూడదు కాబట్టి హ్యాండిల్ వెనక నంబరు కొట్టారు. .303 తూటా అంచు ఉన్న రకం. బోల్ట్ ముఖానికీ బ్యారెల్‌కూ మధ్య ఆ అంచుకు మిగిలే చోటునే హెడ్‌స్పేస్ అంటాం. కొలత 0.064 అంగుళం నుంచి 0.074 దాకా ఉండాలి. వేరే రైఫిల్ బోల్ట్ పెడితే ఆ కొలత మారిపోవచ్చు. కాబట్టి బోల్ట్ మీద దొంగ నంబరు కొట్టినవాడు మీ డబ్బుతో పాటు మీ కంటికి, చేతికి కూడా ఎసరు పెట్టినట్టే. అందుకే గేజ్ మాట ముందే ఎత్తాను.

ఇక ముద్ర చూసే పద్ధతి. కొత్తవాళ్ళంతా పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం ఆకారంతో మొదలుపెడతారు. నేను అక్షరాన్ని చివర్న చూస్తాను. ముందు చూసేది దాని చుట్టూ ఉన్న ఇనుమును. మా అమ్మకు పెళ్ళిలో పెట్టిన ఇత్తడి బిందె ఇప్పటికీ విజయనగరంలో ఇంట్లో ఉంది. దాని మెడ మీద తాతగారి పేరు కొట్టించారు. అరవై ఏళ్ళు చింతపండుతో తోమీ తోమీ అక్షరాల అంచులు గుండ్రంగా అయిపోయాయి, 'వెం' అన్న చోట సున్నా దాదాపు చెరిగిపోయింది. బిందె మెడ ఎంత అరిగిందో పేరూ అంతే అరిగింది. అదే బిందె మీద మా తమ్ముడు మొన్న షాపులో పేరు కొట్టించి ఉంటే, మెడ నున్నగా, అక్షరాలు వేలికి గుచ్చుకునేలా ఉండేవి. రైఫిల్ ముద్రకూ ఇదే లెక్క. ముద్ర, దాని చుట్టూ ఉన్న లోహం ఒకే వయసువిగా కనిపించాలి.

కొంచెం వివరంగా చెప్తాను. ఫ్యాక్టరీలో పంచ్ కొడితే లోహం ఎక్కడికీ పోదు, పక్కకు జరుగుతుంది. అక్షరం చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది, పొలంలో నాగలి చాలు పక్కన మట్టి లేచినట్టు. తర్వాత మెరుగుపెడితే ఆ గట్టు చదునవుతుంది. ఆ పైన బ్లూయింగ్, అంటే ఇనుముకు నలుపు పట్టించే పని, చేసినప్పుడు అక్షరం గాడి అడుగున కూడా నలుపు పడుతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చేతులు, గుడ్డలు, నూనె, తుప్పు. ఈ పనులు ఏ వరసలో జరిగాయో లోహం మీద అలాగే మిగిలి ఉంటుంది. ఈమధ్య కొట్టిన ముద్రలో ఆ వరస తలకిందులవుతుంది. పాత అరుగుదల కింద ఉంటుంది, దాని మీద కొత్త గట్టు లేచి ఉంటుంది. చాలు అడుగున మెరిసే తెల్ల ఇనుము కనిపిస్తుంది. అది కనపడకుండా కోల్డ్ బ్లూ అనే నలుపు మందు పూస్తారు. ఆ నలుపు పాత నలుపులో కలవదు. ఎండలో పక్కకు వంచి చూస్తే ఒక రకం నీలి ఛాయ తేలుతుంది, కొన్ని రోజుల దాకా ఘాటు వాసన కూడా పోదు. నవ్వకండి, నేను వాసన చూస్తాను.

కావాల్సిన సామాను ఒక చిన్న టార్చి, నగల షాపువాళ్ళు వాడే పదింతలు పెద్దగా చూపించే భూతద్దం, అంతే. టార్చి పైనుంచి కొట్టొద్దు. గది చీకటి చేసి, లోహానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పారించాలి. అప్పుడు గట్లూ చాళ్ళూ నీడలతో లేచి కనిపిస్తాయి. ఇంకో చిట్కా ఉంది. బోల్ట్ హ్యాండిల్ వెనక చదునుగా ఉండే చోట ట్యూబ్‌లైట్ నీడ, అంటే ప్రతిబింబం, గీతలా పడేలా పట్టుకుని మెల్లగా తిప్పండి. గీత తిన్నగా జారితే ఆ చోటును ఎవరూ అరగదీయలేదు. నంబరు దగ్గరికి రాగానే గీత లోపలికి వంగితే, అక్కడ పాత నంబరును ఆకురాయితోనో గ్రైండర్‌తోనో అరగదీశారని అర్థం. మీ రెండో ఫొటోలో కిటికీ నీడ హ్యాండిల్ మీద పడింది చూడండి. నంబరు ఉన్న చోట వంగింది. ఫొటో తీసినప్పుడు మీరు గమనించి ఉండరు.

లేజర్‌తో చెక్కితే ఇంకా తేలిక. చాలు అడుగు బల్లపరుపుగా, అంతటా ఒకే లోతుగా ఉంటుంది, అంచు గట్టు ఉండదు. సుత్తి దెబ్బ ఎప్పుడూ అంత సమంగా పడదు. ఒక అంకె లోతుగా, పక్కది ఒక వైపు వాలి ఉండటం చేతిపనికి సహజం. పోతపోసిన నకిలీ భాగాల్లో అక్షరాలు సబ్బు మీద రాసినట్టు మొద్దుగా ఉంటాయి, చుట్టూ సూదిమొన ఆనినట్టు సన్న గుంతలుంటాయి.

ఇక్కడొక హెచ్చరిక. వరసగా లేని నంబరు, అడ్డగీతతో కొట్టేసిన నంబరు, వేరే పంచుతో కొట్టిన నంబరు చూడగానే నకిలీ అనేయకండి. బోల్ట్ పాడైతే ఆర్మరర్ కొత్తది అమర్చి, గేజ్ పెట్టి చూసి, పాత నంబరు మీద అడ్డగీత కొట్టి, పక్కన కొత్త నంబరు కొడతాడు. అడ్డగీత అంటే 'దీన్ని నేను మార్చాను' అని బాహాటంగా చెప్పుకోవడం. ఇషాపూర్ రైఫిళ్ళలో ఒకే బోల్ట్ మీద రెండు మూడు నంబర్లు కొట్టేసి ఉండటం నేను చాలాసార్లు చూశాను. మన దగ్గర ఏదీ పారేయరు కదా. నేను కొట్టినవాటిలో ఒక నోజ్ క్యాప్ మీద 7 అంకె పక్కకు ఒరిగి పడింది. సుబేదార్ సాబ్ దాన్ని చూసి రెండు రోజులు టీ తాగేటప్పుడల్లా ఏడిపించారు. ఆ రైఫిల్ ఇప్పుడు ఎవరి గోడ మీద ఉందో. ఆ వంకర ఏడును చూసి ఎవరో 'ఫేక్' అని రాసే ఉంటారు.

తేడా ఎక్కడంటే, ఆర్మరర్ పాత నంబరును దాచడు, కొట్టేస్తాడు. అమ్మకానికి కొట్టేవాడు దాన్ని అరగదీసి మాయం చేస్తాడు. మీ బోల్ట్ మీద అడ్డగీత లేదు, గుంత ఉంది.

అలాగే కరెంటు పెన్నుతో గీసిన రాతలు. స్టీలు గిన్నెల మీద పేర్లు గీస్తారే, అలాంటి మిషనుతో. అది కనిపించగానే 'దొంగ రాత' అంటారు చాలామంది. ఇంగ్లండ్‌లోని ఫాజాకర్లీ ఫ్యాక్టరీ చేసిన నంబర్ 5 రైఫిల్, అంటే జంగిల్ కార్బైన్ మీద మోడల్ పేరు ఫ్యాక్టరీ వాళ్ళే కరెంటు పెన్నుతో గీశారు. ఆ మోడల్‌ను పట్టుకోవాలంటే రాత చూడొద్దు. బ్యారెల్ మొదట్లో, బాడీలో బరువు తగ్గించడానికి చెక్కేసిన చోట్లు ఉన్నాయా లేవా చూడాలి. మామూలు నంబర్ 4ను, అంటే రెండో యుద్ధం నాటి పొడుగు లీ ఎన్‌ఫీల్డ్‌ను, కోసి పొట్టి చేసినవాటిలో ఆ చెక్కుళ్ళు ఉండవు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్‌లకు చిక్కిన జర్మన్ మౌజర్ రైఫిళ్ళదీ ఇదే కథ. వాటిని విప్పి, కలిపి, మళ్ళీ బిగించి, బోల్టుల మీద బాడీ నంబరు కరెంటు పెన్నుతో గీసి, బాడీ మీద ఇంటూ గుర్తు కొట్టారు. ఆ గీతలు నిజమైనవే, కానీ 1940ల్లో జర్మన్ ఫ్యాక్టరీ కొట్టిన నంబర్లు కావు. కొందరు అమ్మకందార్లు ఆ గీతలను గీకేసి పంచుతో కొట్టి 'ఆల్ మ్యాచింగ్' అంటారు. అప్పుడు మంచి రైఫిలే నకిలీ అయి కూర్చుంటుంది.

ఇప్పుడు అక్షరాల సంగతి. బట్ సాకెట్ (చెక్క బట్ తొడిగే ఇనుప భాగం) కుడి పక్కన మీకు కిరీటం, దాని కింద జీఆర్‌ఐ, ఇషాపూర్, 1943, ఆ కింద పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ మూడు స్టార్ అని ఉన్నాయి. అన్నీ ఉండాల్సినవే. జీఆర్ అంటే జార్జ్ రాజు, ఐ అంటే చక్రవర్తి. బ్రిటన్ ఫ్యాక్టరీల్లో జీఆర్ వరకే కొట్టేవాళ్ళు. ఇండియాకు ఆయన చక్రవర్తి కాబట్టి ఇషాపూర్‌లో ఐ చేర్చారు. స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోకుడి సింహాలు, రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్ అనే అర్థంలో ఆర్‌ఎఫ్‌ఐ వచ్చాయి. మూడు స్టార్ అంటే మార్క్ త్రీ రైఫిల్ తయారీని సులువు చేసిన రకం. 1907లో వచ్చిన మార్క్ త్రీకి మేగజీన్ (తూటాల పెట్టె) నుంచి తూటాలు రాకుండా ఆపే కటాఫ్ ప్లేటు, దూరం గురి చూసే వాలీ సైట్ ఉండేవి. మొదటి యుద్ధంలో తయారీ వేగం చాలక 1916లో ఇవి తీసేసి స్టార్ తగిలించారు. ఎవరైనా 1943 ఇషాపూర్‌కు వాలీ సైట్ బిగించి 'అరుదైనది' అంటే దండం పెట్టి వచ్చేయండి.

రాజుల లెక్క చాలామందిని కాపాడుతుంది. వీఆర్ అంటే విక్టోరియా రాణి, ఆమె 1901 జనవరిలో పోయింది. ఈఆర్ ఎడ్వర్డ్, 1910 దాకా. పెషావర్, కోహాట్ మధ్య దర్రా ఆదమ్ ఖేల్ అని ఊరుంది. అక్కడి కంసాలులు తరాలుగా తుపాకులు చేత్తో చేస్తున్నారు. చేతిపనిలో వాళ్ళను కొట్టేవాడు లేడు. ఇంగ్లీషు మాత్రం చూసి గీసినదే. ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది, ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగ్ తప్పుతుంది, వీఆర్ కిరీటం కింద 1908 అని ఉంటుంది. చనిపోయిన రాణి ఏడేళ్ళ తర్వాత తుపాకీ చేయించిందన్న మాట! అఫ్ఘనిస్తాన్‌లో పనిచేసి వచ్చిన అమెరికన్ సైనికులు ఇలాంటివి తెచ్చుకుని గోడకు పెట్టుకున్నారు. గోడకు బావుంటాయి. పేల్చకూడదు, ఆ ఇనుము ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలీదు.

మీ బాడీ మీద ముద్రలకు అంచులు మొద్దుబారి ఉన్నాయి, చాళ్ళలో పాత నలుపు ఉంది, ఐ అక్షరం కాలు మీదుగా వెళ్ళిన ఒక గీత అక్షరం లోపల ఆగి మళ్ళీ అవతల మొదలైంది. అంటే అక్షరం ముందు, గీత తర్వాత. అలా ఉండాలి. ఫోర్‌ఎండ్‌కు, అంటే బ్యారెల్ కింది చెక్కకు, మేగజీన్ ముందు అడ్డంగా ఒక స్క్రూ ఉందని రాశారు. చెక్క పగలకుండా ఇషాపూర్ వాళ్ళు పెట్టేది అది. కలెక్టర్లు 'ఇషాపూర్ స్క్రూ' అనే పిలుస్తారు. అది ఉంటే చెక్క ఇండియా చేతిలో పడిందని నమ్మొచ్చు. ఇదంతా మీ రైఫిల్‌కు మంచి సాక్ష్యమే.

ఇక ఇత్తడి బిళ్ళ. మొదటి యుద్ధానికి ముందు, యుద్ధం మొదట్లో చేసిన రైఫిళ్ళకు బట్ కుడి పక్కన గుండ్రటి గుంత చెక్కి బిళ్ళ పెట్టేవాళ్ళు. పటాలం పేరు, రైఫిల్ వరస నంబరు, ఇచ్చిన తేదీ దాని మీద కొట్టేవాళ్ళు. మన దగ్గర బట్ నంబరు పెయింట్‌తో రాస్తాం కదా, ఎన్‌సీసీ చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అలాంటి పనికే. 1943 రైఫిల్‌కు 1915 బిళ్ళ రావడానికి ఒక నిజాయితీ దారి కూడా ఉంది. పాత రైఫిల్ బట్‌ను తీసి కొత్తదానికి తొడిగి ఉండొచ్చు. అప్పుడు బిళ్ళ చెప్పే కథ ఆ చెక్కదే తప్ప రైఫిల్‌ది కాదు. కానీ బిళ్ళ ఒక్క స్క్రూతో ఊడి వస్తుంది. రైఫిల్ మొత్తంలో అంత సులువుగా మార్చగలిగేది ఇంకోటి లేదు. కొత్తగా చేసిన ఖాళీ బిళ్ళలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మొదటి యుద్ధంలో టర్కీలోని గలీపోలీ పోరాటానికి వెళ్ళిన పటాలం పేరు కొడితే రైఫిల్ ధర ఎక్కడికో వెళ్ళిపోతుంది.

నాకు ముందు అనుమానం వచ్చింది స్క్రూ చూసి. చుట్టూ చెక్క నూనె పట్టి నల్లబడింది. స్క్రూ గాడిలో మాత్రం మట్టి లేదు, అంచు తెల్లగా మెరుస్తోంది. ఎవరో ఈమధ్య తిప్పారు. అయినా అదొక్కటే చాలదు, శుభ్రం చేయడానికి తిప్పి ఉండొచ్చు. నాలుగో ఫొటో, ఆరో ఫొటో పక్కపక్కన పెట్టుకున్నాక విషయం తేలింది.

బిళ్ళ మీద 1915. బోల్ట్ నంబరులో ఒక 6, ఒక 5 ఉన్నాయి. బిళ్ళ మీద 5 చూడండి, పై అడ్డగీత కుడి చివర చిన్న ముక్క ఎగిరిపోయింది. బోల్ట్ మీద 5కూ అక్కడే, అంతే ముక్క లేదు. ఇంకా ఉంది. నంబర్ పంచుల సెట్టులో మామూలుగా తొమ్మిది ముక్కలే వస్తాయి, సున్నా నుంచి ఎనిమిది దాకా. తొమ్మిది కావాలంటే ఆరును తలకిందులుగా పట్టుకుని కొడతాం. వర్క్‌షాప్‌లో చేసిన ప్రతివాడికీ ఇది తెలుసు. బోల్ట్ ఫొటోను ఫోన్‌లో తలకిందులుగా తిప్పి, దాని 6ను బిళ్ళ 9 పక్కన పెట్టి చూశాను. సున్నా లోపలి వైపు ఒక చిన్న పన్ను లాంటి పొడుపు రెండింటికీ ఒకే చోట ఉంది. బాడీ మీద ఉన్న 6కు ఆ పొడుపు లేదు.

అంటే 1915లో ఇంగ్లండ్‌లో కొట్టారని చెప్తున్న బిళ్ళనూ, 1943లో ఇషాపూర్‌లో కొట్టారని చెప్తున్న బోల్ట్‌నూ ఒకే సెట్టు పంచులతో కొట్టారు. అదీ పంచు అదే విధంగా విరిగి ఉన్న దశలో. ఏ ఆర్మరరూ తన రైఫిల్‌కు ఇరవై ఎనిమిదేళ్ళ వెనకటి తేదీ కొట్టడు. ఇది అమ్మేముందు ఎవరో ఒక సాయంత్రం కూర్చుని చేసిన పని. మీకు అమ్మినవాళ్ళే చేశారని నేననను, వాళ్ళకూ ఎవరో అంటగట్టి ఉండొచ్చు.

ఈ పద్ధతి నాకు పుస్తకం నేర్పలేదు. రెండేళ్ళ కిందట ఇక్కడే ఒకాయన నంబర్ 4 స్నైపర్ రైఫిల్ చూపించాడు. రెండో యుద్ధంలో బాగా గురి తగిలే నంబర్ 4లను ఏరి, హాలండ్ అండ్ హాలండ్ కంపెనీకి పంపి టెలిస్కోప్ బిగించేవాళ్ళు. ఏరిన రైఫిల్ బట్ సాకెట్ మీద టీఆర్ అని, బిగించాక బాడీ ఎడమ పక్కన టీ అని, బట్ అడుగున ఆ కంపెనీ కోడ్ ఎస్ 51 అని కొట్టేవాళ్ళు. బట్ మెడ మీద టెలిస్కోప్ నంబరు కూడా ఉంటుంది. ఆయన రైఫిల్ మీద ఇవన్నీ ఉన్నాయి, అక్షరం పొల్లుపోలేదు. నేనూ ముందు మెచ్చుకున్నాను. వెనక సైట్ లేపి చూస్తే దగ్గర గురికి వాడే కింది రంధ్రం అలాగే ఉంది. టెలిస్కోప్‌కు అడ్డం వస్తుందని అసలు వాటిలో దాన్ని అరగదీసేవాళ్ళు. అప్పుడు తిరిగి మొదటినుంచి చూశాను. టెలిస్కోప్ బిగించే మౌంటు దిమ్మెల స్క్రూలు ఊడకుండా తలల అంచున పంచు దెబ్బ వేయాలి, అదీ లేదు. బట్ చెక్క గరుకు కాగితంతో రుద్ది నున్నగా ఉంది, దాని మీద ఎస్ 51 కత్తిలా పదునుగా ఉంది. చెక్క మీద కొట్టిన పాత ముద్రలో నారలు అణిగి, నూనె, మురికి ఇంకి నల్లబడి ఉంటాయి. చెక్కను రుద్దితే ముద్ర కూడా పలచబడాలి. పలచబడలేదంటే రుద్దిన తర్వాత కొట్టారు. ఆయన పెట్టిన డబ్బు సంగతి వద్దులెండి. ముఖం చూడలేక కాఫీ తాగుదాం పదండి అన్నాను.

ఆ రోజు నేర్చుకున్నది ఒకటే. నకిలీ చేసేవాడు పుస్తకంలో ఉన్న ముద్రలన్నీ కొడతాడు. పని మాత్రం మొత్తం చెయ్యడు. అందుకే ముద్ర ఏ పని జరిగిందని చెప్తుందో ఆ పని నిజంగా జరిగిందా అని చూడండి.

జపాన్ అరిసాకా రైఫిళ్ళకు పదహారు రేకుల చామంతి పువ్వు ఉంటుంది, చక్రవర్తి చిహ్నం. లొంగిపోయినప్పుడు చాలావాటి మీద దాన్ని అరగదీశారు. పువ్వు ఉన్నదానికి ధర ఎక్కువ కాబట్టి మళ్ళీ చెక్కేవాళ్ళు తయారయ్యారు. అక్కడా ట్యూబ్‌లైట్ పరీక్షే. పువ్వు చుట్టూ గుంత ఉంటే ఆలోచించండి.

ఒక ముద్రను మాత్రం, లేకపోయినా, వెతికి చూడాలి. డీపీ, అంటే డ్రిల్ పర్పస్. కవాతుకే తప్ప పేల్చడానికి పనికిరాదని తేల్చినవాటి మీద కొడతారు. బ్యారెల్, బాడీ, బోల్ట్, చెక్క అన్నిటి మీదా ఉంటుంది. ఎన్‌సీసీ పెరేడ్‌లో మనలో చాలామంది భుజాన వేసుకున్నవి అవే. డీపీ ఉంటే ధర రాదు కాబట్టి దాన్ని అరగదీస్తారు. బట్ సాకెట్ ఎడమ పక్క, బ్యారెల్ మొదలు, బోల్ట్ హ్యాండిల్ మీద టార్చి పక్కనుంచి కొట్టి చూడండి. మీ బోల్ట్ మీద గుంత ఉంది అన్నాను కదా. అక్కడ అరగదీసింది పాత నంబరే అయి, గేజ్ కొలత సరిపోతే డబ్బు నష్టంతో పోతుంది. డీపీ అయితే ఆ బోల్ట్‌ను షెల్ఫ్‌లో పెట్టండి, రైఫిల్‌లో పెట్టకండి. పంచ్ దెబ్బకు అక్షరం కింద లోహం కూడా నొక్కుకుపోతుంది. పైన అరగదీసినా లోపల ఆ ఒత్తిడి మిగులుతుంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో మెరుగుపెట్టి యాసిడ్ పూసి చెరిపేసిన నంబర్లు చదివేది అందుకే. మీరు ఇంట్లో ఆ ప్రయోగం చేయకండి, ఉన్న ఆధారం కూడా పోతుంది.

దిగుమతి ముద్ర లేదేమిటని కూడా అడిగారు. అమెరికాలో 1968 చట్టం తర్వాత బయటినుంచి వచ్చిన తుపాకుల మీద దిగుమతిదారు పేరు ఉండాలి. మీదాని మీద లేదంటే అంతకుముందే వచ్చి ఉండాలి, లేదా ఎవరో చెరిపి ఉండాలి. బ్యారెల్ మూతి దగ్గర, అడుగున ఒకసారి వేలితో తడిమి చూడండి.

చేయాల్సినవి ఇవి. ఏదీ తోమొద్దు, బ్రాసో అసలే వద్దు. మట్టి, పాత నూనె మీ సాక్ష్యం. హెడ్‌స్పేస్ గేజులు ఉన్న గన్‌స్మిత్‌కు చూపించండి. అమ్మినవాళ్ళకు నాలుగు, ఆరు ఫొటోలు పక్కపక్కన పెట్టి, బోల్ట్ మీది 6 అంకెను తలకిందులుగా తిప్పి చూపించి మర్యాదగా అడగండి. చాలామంది ఆ ఒక్క ఫొటోతో బోల్ట్, బిళ్ళ విలువ మేరకు వెనక్కి ఇచ్చేస్తారు. బోల్ట్ మీద ఉన్నదాన్ని చెరిపి 'సరిచేద్దాం' అనుకోవద్దు. బాడీ నంబరును అయితే ముట్టుకోనే వద్దు, అది అమెరికాలో ఫెడరల్ నేరం. ఇండియాలో చదువుతున్నవాళ్ళకు కూడా ఒక మాట: 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి, గుర్తింపు ముద్ర చెరపడం, మార్చడం సెక్షన్ 8 కింద నిషేధం. తాతగారి పెట్టెలో పాత బోల్ట్ దొరికిందని ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి నన్ను ధర అడక్కండి. ముందు పోలీస్ స్టేషన్‌లో చెప్పండి.

రైఫిల్ విలువ సున్నా అయిపోలేదు. 1943 ఇషాపూర్, బాడీ, బ్యారెల్ నంబర్లు కలిసినది, చెక్క బావున్నది, దాని ధర దానికి ఉంటుంది. రెండు యుద్ధాల ధర ఉండదు, అంతే.

వెనక సైట్ ఆకును పైకి లేపి దాని అడుగు భాగం ఫొటో ఒకటి తీయండి. అక్కడ కూడా నంబరు ఉంటుంది. నకిలీ కొట్టేవాళ్ళు చాలామంది అది మర్చిపోతారు. అలాగే ఫోర్‌ఎండ్ కింద, నోజ్ క్యాప్ దగ్గర చెక్క మీద నంబరు. ఈ రెండూ, మసగ్గా లేని నోజ్ క్యాప్ ఫొటో, మూడూ పగటి వెలుగులో కిటికీ పక్కన పెట్టి తీసి పంపండి. అందులో 6 ఉంటే ఇంకా మంచిది.